తుఫాను ఎప్పుడు ముగుస్తుంది?

వాతావరణ శాఖ దగ్గర ఈ ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంటుంది. తీవ్ర తుఫాను తుఫానుగా, తుఫాను వాయుగుండంగా, వాయుగుండం అల్పపీడనంగా బలహీనపడుతుంది. ఆఖరి బులెటిన్ వెలువడుతుంది, ఓడరేవుల్లో ప్రమాద సూచికలు దించేస్తారు. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ రెండు రోజులు తిరక్కుండానే నేపాల్ కొండల మీద మంచై కురిసి, అక్కడ పర్వతారోహకుల ప్రాణాలు తీసి, చల్లారిపోయింది. శాఖ లెక్కలో అంతటితో దాని కథ అయిపోయింది. విశాఖలో చాలా వీధులకు మాత్రం అప్పటికి కథ సగం కూడా నడవలేదు. అక్టోబరు 23న దీపావళి. కూలిన చెట్లన్నీ ఎండి గుట్టలుగా పడి ఉన్నాయి, నిప్పురవ్వ పడితే ప్రమాదం కనుక టపాసులు కాల్చవద్దని అధికారులు కోరారు. దీపాల పండుగ నాటికి కూడా ఆ ఊరు తుఫానులోనే ఉంది.

అయితే తుఫాను ముగిసేదెప్పుడు? గాలి ఆగినప్పుడా, కరెంటు వచ్చినప్పుడా? ఈ రెండింటి మధ్య గడిచే రోజుల బాధ్యత ఎవరిది? సముద్రానిదా, మనుషులదా? కరెంటు ఆఫీసుకు ఫోన్ చేసి కోప్పడేవాడికీ, ఆ ఫోన్ ఎత్తి సమాధానం చెప్పలేక నసిగేవాడికీ మధ్య నలిగేది ఈ ప్రశ్నే. కాకపోతే ఇద్దరూ దాన్ని ఈ మాటల్లో అడగరు.

ఊరంతటికీ ఒకేసారి కరెంటు పోయినప్పుడు ఆ చీకటి ఎవరినీ పెద్దగా బాధపెట్టదు. బాధపెట్టేవి దాని వెంట వచ్చేవి. మోటారు తిరగదు కనుక పైట్యాంకులో నీళ్లుండవు. లిఫ్టు ఆగిపోయి అయిదో అంతస్తుకు బిందె మోయాల్సి వస్తుంది. సెల్ టవర్లకు బ్యాటరీలు అయిపోయి ఫోన్లు మూగబోతాయి. ఏటీఎం డబ్బు ఇవ్వదు, బంకులో పెట్రోలు పైకి రాదు. అయినా మొదటి రెండు రాత్రులు జనం ఒకరికొకరు మంచిగానే ఉంటారు. నలుగురితో నారాయణా అనుకుంటారు. గ్యాస్ ఉన్నవాళ్లు పక్కవాళ్ల పసిపాపకు పాలు కాచిపెడతారు, కారున్నవాళ్లు నలుగురి ఫోన్లకూ ఛార్జింగ్ పెట్టిస్తారు. గొడవ మొదలయ్యేది వెలుగు వచ్చాకే. మూడో రోజు సాయంత్రం పక్క కాలనీలో ఒక ట్యూబ్‌లైటు వెలుగుతుంది. అంతే, ఇటువైపు ఓపిక తెగిపోతుంది. ఫోన్లు, తిట్లు, సబ్‌స్టేషన్ ముందు జనం. ‘వాళ్లకిచ్చారు, మాకెందుకివ్వరు?’

దీన్ని అసూయ అని కొట్టిపారేయడం తేలిక. ఆఫీసర్లు చాలామంది అలాగే అంటారు. నాకు మాత్రం ఇందులో అసూయ కన్నా తర్కం ఎక్కువ కనిపిస్తుంది. ఆ ట్యూబ్‌లైటు వెలిగే వరకు మన చీకటి గాలి చేసిన పని. అది వెలిగాక, కరెంటు ఇవ్వడం మనిషికి సాధ్యమేనని కళ్లెదుట రుజువైంది. సాధ్యమైన పనిని ఒకచోట ముందు, ఇంకోచోట వెనుక చేయాలని ఎవరో నిర్ణయించారు. ఆ నిర్ణయం సరైనదే కావచ్చు. కానీ అది నిర్ణయం. ఆ క్షణం నుంచి మన ఇంటి చీకటికి మానవ కారణం కూడా ఒకటి చేరింది.

హార్వర్డ్‌లో రాజనీతి తత్వం బోధించిన జూడిత్ ష్క్లార్ 1990లో అన్యాయం స్వభావం మీద ఒక చిన్న పుస్తకం రాసింది. దురదృష్టానికీ అన్యాయానికీ మధ్య గీత ఎక్కడ పడుతుందన్నది అందులో ఆమె ప్రశ్న. ప్రకృతి చేస్తే దురదృష్టం, మనిషి చేస్తే అన్యాయం అని మనం సులువుగా అనేస్తాం. ఆ గీత అంత స్థిరం కాదంటుంది ఆమె. చేయగలిగిన సాయం చేయకుండా చూస్తూ కూర్చోవడం కూడా అన్యాయమేననీ, గీత ఎక్కడ గీయాలో అడిగేటప్పుడు దెబ్బ తిన్నవాడి మాట వినకుండా తేల్చకూడదనీ ఆమె వాదన. హిట్లర్ కాలపు యూరప్ నుంచి పారిపోయి వచ్చిన మనిషి రాసిన ఈ మాటలకూ మన వీధి కరెంటు లైన్లకూ సంబంధమేమిటని అనిపించవచ్చు. ఉంది. ఆ గీత మన దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ల మీదుగా పోతుంది.

కరెంటు ఎలా తిరిగి వస్తుందో ఒకసారి చూడాలి. పెద్ద టవర్ల మీద నడిచే 220, 132 కేవీ లైన్లు ముందు నిలబడాలి. ఆ తర్వాత 33 కేవీ ఫీడర్లు, వాటితో సబ్‌స్టేషన్లు. అక్కడి నుంచి 11 కేవీ లైన్లు, ఊరి ట్రాన్స్‌ఫార్మర్లు, వీధి వైర్లు. చిట్టచివర ఇంటి సర్వీసు వైరు. పైది నిలబడనిదే కిందది బాగుచేసి లాభం లేదు. ఈ క్రమానికి రాజకీయం అంటదు. అంటేది కింది మెట్ల దగ్గర. ఆసుపత్రులు, మంచినీటి పంపులు, సెల్ టవర్లు ముందు. దీనికీ ఎవరూ అడ్డు చెప్పరు. ఆ తర్వాత అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) చేతిలో ఉన్నది ఒక ముఠా, ఒక క్రేన్, కొన్ని స్తంభాలు. ఒక స్తంభం నిలబెడితే అయిదు వందల ఇళ్లు వెలిగే చోటుంది. ఇరవై స్తంభాలు నిలబెడితే నలభై ఇళ్లు వెలిగే చోటూ ఉంది. ఎటు పోవాలి? తక్కువ శ్రమతో ఎక్కువ మందికి వెలుగు అన్న సూత్రానికి ఎదురు చెప్పడం కష్టం. ఏఈ కుర్చీలో నేనున్నా అదే చేస్తాను.

కానీ ఆ నలభై ఇళ్లవాళ్లకు ఈ లెక్క ఏమని చెప్పాలి? మీరు తక్కువమంది కనుక ఆగండి అనా?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర, వజ్రపుకొత్తూరు మండలంలో తీరం దాటింది. దసరా నవరాత్రులు అప్పుడే మొదలయ్యాయి. దెబ్బ తిన్నది ఉద్దానం. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల మధ్య చిన్నచిన్న ఊళ్లు. కొబ్బరిచెట్టు పడితే ఒక్కటే పడదు, వైర్లను పట్టి లాగి రెండువైపులా స్తంభాలను కూడా కూలదోస్తుంది. తోటల్లోకి క్రేన్ పోదు. కూలిన చెట్లను కోసి దారి చేయాలి, సిమెంటు స్తంభానికి తాళ్లు కట్టి, పదిమంది భుజాల మీద మోసుకుపోవాలి. కనుక ఉద్దానం ఊళ్లు ఏ లెక్కలోనైనా చివరికే వస్తాయి.

అదే ఉద్దానం దశాబ్దాలుగా కిడ్నీ జబ్బుతో బతుకుతోంది. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. తాగే నీటి మీద అనుమానంతో అక్కడ ఆర్‌ఓ ప్లాంట్లు పెట్టారు. కరెంటు లేకపోతే ఆ ప్లాంటు నడవదు, మనిషి మళ్లీ బావి నీటికి పోవాలి. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు కరెంటుతో సంబంధం ఇంకా సూటిగా ఉంటుంది. వారానికి రెండు మూడు సార్లు, ఒక్కో విడతకు నాలుగు గంటలు, యంత్రానికి సుమారు 120 లీటర్ల శుద్ధిచేసిన నీరు కావాలి. ఆసుపత్రికి జనరేటర్ ఉండవచ్చు. చెట్లు అడ్డంగా పడిన దారిలో అక్కడికి చేరేదెలా? ఊరికి కరెంటు ఎనిమిదో రోజున వచ్చిందంటే ఆ మనిషికి అది ఎనిమిది రోజులు కాదు, రెండో మూడో విడతలు. ఇళ్ల సంఖ్యను లెక్కపెట్టే సూత్రానికి ఈ తేడా కనిపించదు. ఒక ఇల్లంటే ఒక సర్వీసు నంబరు. అందులో ఎవరున్నారో మీటరుకు తెలియదు. ఆశా కార్యకర్తకు తెలుసు. ఆమె దగ్గరున్న పేర్లు ఏఈ బల్ల మీదికి తుఫానుకు ముందే చేరితే మరమ్మతుల క్రమం కొంచెం మారుతుందేమో! దీనికి తత్వశాస్త్రం అక్కర్లేదు, రెండు శాఖల మధ్య ఒక కాగితం చాలు.

ఇలాంటి రోజుల్లో ఏ ఊళ్లోనైనా వినపడే సంభాషణ ఒకటుంది.

‘ఏటి నాయినా, మాకెప్పుడొస్తాది?’

‘వచ్చేస్తాదమ్మా, రేపు వచ్చేస్తాది.’

ఆ లైన్‌మన్‌కు రేపు రాదని తెలుసు. ఆమెకూ కొంత తెలుసు. అయినా ఆ అబద్ధం దయతో ఆడినదే. పదిహేను గంటలు స్తంభాల మీద గడిపి దిగినవాడు ముసలమ్మ ముఖం చూసి ‘ఇంకో వారం’ అనలేడు. రేపు అన్న మాట మూడు రోజులు సాగాక మాత్రం ఆ దయ మోసంగా మారుతుంది. వారం అని ముందే తెలిస్తే ఆమె కూతురి ఊరికి పోయేది. ఇన్సులిన్ వాడే మనిషి ఇంట్లో ఉంటే మందును ఎక్కడైనా దాచిపెట్టుకునేది. సమయం తెలిసిన చీకటిలో మనిషి ఏదో ఒక ఏర్పాటు చేసుకోగలడు. తెలియని చీకటిలో కాచుకుని కూర్చోవడం తప్ప ఏమీ చేయలేడు. కరెంటు ఇవ్వలేని రోజున కూడా సంస్థ ఒకటి ఇవ్వగలదు, నిజం. దానికి క్రేన్ అక్కర్లేదు. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబరుతో పాటు వరసలో మనది ఎన్నో స్థానమో కూడా చెప్పగలిగితే, సబ్‌స్టేషన్ ముందు సగం గొడవ తగ్గుతుందని నా నమ్మకం.

వినియోగదారుడి వైపు లెక్క కూడా తీయాలి. గాలి ముదిరే ముందే సబ్‌స్టేషన్‌లో ఫీడర్లు ఆపేస్తారు. తెగిన వైరు నీళ్లలో పడి ఎవరినీ చంపకూడదని. ఇంట్లో కూర్చున్నవాడికి అది ‘చినుకు పడకముందే తీసేశారు’. అది పోనిద్దాం, మాటే కదా. జనరేటర్ సంగతి మాత్రం మాటతో పోయేది కాదు.

లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకుంటాడు. అంటే ఆ లైను ఆపి ఉందనీ, తాను చెప్పేదాకా ఛార్జ్ చేయరనీ హామీ. ఏబీ స్విచ్ తీస్తాడు. డిశ్చార్జ్ రాడ్‌తో మూడు వైర్లనూ నేలకు కలుపుతాడు. అప్పుడే పైకి. ఈలోగా అర కిలోమీటరు అవతల ఒకాయన అద్దె జనరేటర్ తెచ్చి, ఛేంజోవర్ స్విచ్ లేకుండా, మెయిన్ తీయకుండా ఇంటి వైరింగ్‌కు తగిలించాడనుకోండి. ఆ కరెంటు ఇంట్లో ఆగదు. సర్వీసు వైరు పట్టుకుని వీధి లైనుకు, అక్కడి నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు వెనక్కి నడుస్తుంది. 11 వేల వోల్టులను ఇంటి వాడకానికి దించే ట్రాన్స్‌ఫార్మర్ వెనక నుంచి వచ్చిన కరెంటును అదే నిష్పత్తిలో పైకెత్తుతుంది. ఇంట్లో ఫ్యాను తిప్పిన కరెంటు స్తంభం మీద ఉన్న మనిషి చేతిలో వేల వోల్టులవుతుంది. ఆ ఇంటాయనకు ఎవరి మీదా పగ లేదు. ఉక్కపోతలో పిల్లలు నిద్రపోవాలని అనుకున్నాడు, అంతే. లైన్‌మన్ ముఖం అతను చూసి ఉండడు. నైతిక బాధ్యత గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా ఎదురుగా ఉన్న మనిషిని ఊహించుకుంటాం. ఇక్కడ ఎదురుగా ఎవరూ లేరు. ఒక తీగకు రెండు కొసల్లో ఇద్దరు అపరిచితులు. ఒకడి ప్రాణం ఇంకొకడు మెయిన్ తీశాడా లేదా అన్నదాని మీద వేలాడుతోంది. డిశ్చార్జ్ రాడ్ ఉన్నది ఇందుకే. అలసటలోనో, కింద జనం పెట్టే తొందరలోనో దాన్ని వదిలేసి ఎక్కిన రోజే ప్రాణం పోతుంది. ఆ తొందర పెట్టినవాళ్లలో మనమూ ఉంటాం.

గాలి ఆగాక మిగిలే చీకటికి బాధ్యత ఎవరిదన్న ప్రశ్నను చట్టం ఎలా తేల్చింది? 2003 విద్యుత్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం సేవా ప్రమాణాలు తప్పితే వినియోగదారుడికి పరిహారం ఇవ్వాలి. ఫ్యూజ్ పోతే ఇన్ని గంటలు, ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఇన్ని గంటలు అని విద్యుత్ నియంత్రణ మండలి గడువులు పెట్టింది. తుఫాను, వరద, భూకంపం వంటివి వస్తే ఆ గడువులకు మినహాయింపు. న్యాయమే. గంటకు 180 కిలోమీటర్ల గాలికి విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) ఏం చేస్తుంది? మరి ఆ మినహాయింపు ఎప్పటిదాకా? గాలి ఆగిన రోజుకా, పదో రోజుకా? స్తంభాలు అందుబాటులో ఉండి కూడా పని కదలని రోజు ఎవరి ఖాతాలోకి పోవాలి? తుఫాను పేరు చెప్పి ఆపిన గడియారాన్ని మళ్లీ ఎవరు తిప్పుతారు? నా మట్టుకు, ఒక ఊళ్లో మొదటి ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జ్ అయిన నాటి నుంచి ఆ ఊరి మిగతా చీకటికి సంజాయిషీ మొదలవ్వాలి. పరిహారం ఇవ్వాలని కాదు. ఎందుకు ఆగిందో రాతపూర్వకంగా చెప్పాలని.

ఇంకో చిక్కు ఉంది. ఫీడరు కొసన ఉన్న ఊరు ప్రతి తుఫానుకూ కొసనే ఉంటుంది. వంతులవారీగా మార్చుకోవడానికి ఇది కుళాయి దగ్గర వరస కాదు, తీగ పోయిన దారి. మామూలు రోజుల్లో లో వోల్టేజీ ఆ ఊరికే, తుఫాను రోజుల్లో ఆఖరి వరసా ఆ ఊరికే. ఒక్కసారి జరిగితే దురదృష్టమనుకోవచ్చు, ప్రతిసారీ జరిగితే అనుకోలేం. దీనికి దారులు లేకపోలేదు. హుద్‌హుద్ తర్వాత విశాఖలో ప్రపంచ బ్యాంకు రుణంతో భూగర్భ కేబుళ్లు వేశారు. మంచి పని. కేబుల్‌లో లోపం వస్తే ఎక్కడుందో కనిపెట్టడం కష్టం, ఖర్చు కూడా స్తంభాల లైనుకు ఎన్నో రెట్లు, అయినా గాలికి భయం లేదు. ఊళ్లన్నిటికీ అది కుదరదు. కొసన ఉన్న ఊరికి రెండోవైపు నుంచి, ఇంకో సబ్‌స్టేషన్ నుంచి ఇంకో లైను కలపడం కుదురుతుంది. దానికయ్యే ఖర్చు ఏదో ఒక రూపంలో మన బిల్లులోకో ప్రభుత్వ సబ్సిడీలోకో వస్తుంది.

ఆ ఖర్చు మీద నిర్ణయం జరిగే చోటు ఒకటుంది. డిస్కంలు ఏటా నవంబరు చివరికి తమ లెక్కలు నియంత్రణ మండలి ముందు పెడతాయి. వాటి మీద బహిరంగ విచారణ జరుగుతుంది, ఎవరైనా పోయి మాట్లాడవచ్చు. విచారణ జరిగేనాటికి తుఫానుల కాలం దాటిపోయి, అందరి ఇళ్లలోనూ కరెంటు ఉంటుంది. మాట్లాడేవాళ్లు ఎక్కువగా యూనిట్ ధర గురించి మాట్లాడతారు.