వినుటకు ఇంపైన పాట

ధ్యాన భాగములు: ఆదికాండము 4:8–10, యెహెజ్కేలు 33:30–32



ఘోరమైన ఆపద సంభవించినప్పుడు మనుష్యులు మొదట లెక్కింతురు. ఎందరు చనిపోయిరి? ఎందరు గాయపడిరి? లెక్క తేలగానే దుఃఖము చల్లారసాగును. మరునాడు అంగళ్లు తెరువబడును, పశువులు మేతకు పోవును. బ్రదుకు సాగవలసినదే, అది పాపము కాదు. అయితే ఆ మరణములకు కారణమైనదానిని ముట్టకయే మనము సుఖముగా పండుకొనినయెడల, ఆ నిద్రకు ఏమి పేరు పెట్టవలెను?

ఒక పాట ఈ సంగతినే అడిగినది. అమెరికా గాయకుడు బాబ్ డిలన్ 1962లో "బ్లోయిన్ ఇన్ ది విండ్" అను పాటను వ్రాసెను. దాని రాగమునకు మూలము, నల్లజాతి బానిసలు పాడుకొనిన "నో మోర్ ఆక్షన్ బ్లాక్" అను జానపద గీతము. ఆ పాత గీతము తీరిపోయిన బాధలను ఒక్కొక్కటిగా లెక్కించును. డిలన్ పాట ఇంకను తీరని వాటిని లెక్కించును. మూడు చరణములలో తొమ్మిది ప్రశ్నలు. చూచియు చూడనట్లు నటించువారిని గూర్చియు, ఇంతమంది చచ్చినది చాలునని ఒప్పుకొననివారిని గూర్చియు అందులో ప్రశ్నలున్నవి. ఎవరి పేరును ఎత్తదు, ఎవరిని తిట్టదు.

1963 ఆగస్టు 28న వాషింగ్టనులో సుమారు 2,50,000 మంది కూడిన పౌరహక్కుల సభలో పీటర్, పాల్, మేరీ అను ముగ్గురు గాయకులు ఈ పాటను పాడిరి. 18 దినములు గడచెను. సెప్టెంబరు 15, ఆదివారము ఉదయమున, అలబామా రాష్ట్రములోని బర్మింగ్‌హాములో, నల్లజాతివారి 16వ వీధి బాప్టిస్టు దేవాలయమున డైనమైటు ప్రేలెను. ఆరాధనకు సిద్ధపడుచున్న నలుగురు బాలికలు మరణించిరి. ముగ్గురికి 14 ఏండ్లు, ఒకతెకు 11 ఏండ్లు. రంగు గాజు కిటికీలోని క్రీస్తు రూపము నిలిచెను గాని, ముఖము మాత్రము ఎగిరిపోయెను.

మరునాడు ఆ పట్టణపు తెల్లజాతి న్యాయవాది ఛార్లెస్ మోర్గన్ వర్తక యువజనుల సంఘములో లేచి మాటలాడెను. బాంబు పెట్టినదెవరని ఊరంతయు అడుగుచున్నది. ఆ పని చేసినది మనమందరమే అని ఆయన చెప్పెను. ద్వేషమును నూరిపోసినవారితోపాటు ఊరకుండినవారిని కూడ ఆయన లెక్కలో చేర్చెను. బెదరింపుల వలన ఆయన ఆ ఊరు విడువవలసి వచ్చెను. నేరస్థులలో మొదటివానికి శిక్ష పడినది 1977లో. మరి ఇద్దరికి 2001, 2002 సంవత్సరములలో. ఈ ఏండ్లన్నిటను పాట మాత్రము మ్రోగుచునే యుండెను.

ఇచ్చటనే మనము మెలకువగా నుండవలెను. ప్రజలు యెహెజ్కేలు ఎదుట కూర్చుండి విందురనియు, అతడు వారికి మంచి గొంతుగల పాటకానివంటివాడనియు, విన్నదానిని మాత్రము చేయరనియు దేవుడు ప్రవక్తతో చెప్పెను. డిలన్ పాటకును ఈ గతి పట్టినది. బడులలో పాడిరి, దేవాలయములలో పాడిరి. పలువురికి ఆ ప్రశ్న జోలపాట ఆయెను. 2012 డిసెంబరు 14న కనెక్టికట్ రాష్ట్రపు న్యూటౌనులో ఒక బడిలో 20 మంది పసిపిల్లలు, ఆరుగురు పెద్దలు తుపాకికి బలియైరి. దేశమంతయు క్రొవ్వొత్తులు వెలిగించెను. నాలుగు నెలలకు, తుపాకి కొనువారి పూర్వచరిత్రను మరింత విచారింపవలెనను ప్రతిపాదన సెనేటులో 54 ఓట్లు పొందియు, కావలసిన 60 రాక వీగిపోయెను. 2022 మే 24న టెక్సాసులోని యువాల్డీలో మరల 19 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయినులు కూలిరి. మరుసటి నెలలో పరిమితమైన చట్టమొకటి వచ్చెను. అది చాలకపోవచ్చును, అయినను మనస్సుంటే చేయవచ్చునని అది చూపినది.

పాట వలన ఏమి ప్రయోజనమని కొందరందురు. పాట గాయము కట్టదు, శాసనము చేయదు. నిజమే. అడుగుట మాత్రమే దాని పని. దేవుడును కయీనును అడిగెను. హేబెలు ఎక్కడనున్నాడో తెలియక అడుగలేదు. అన్న నోట జవాబు రావలెనని అడిగెను. కయీను మరియొక ప్రశ్న వేసి తప్పించుకొనజూచెను. మనము పాట పాడి తప్పించుకొనజూతుము.

జవాబు గాలిలో నున్నదనుకొనుట మనకు హాయి. గాలిని ఎవరును పట్టలేరు గదా! అయితే కయీను కథలో జవాబు గాలిలో లేదు. అది నేలనుండి మొరపెట్టినది, అతని కాళ్ల క్రిందనే యుండెను.

కాబట్టి ఆపద తరువాత పాడుదము, ఏడ్చెదము. పాట ముగిసిన తరువాత లేచిపోకమునుపు, ఈ చావునకు దారి తీసినదానిలో నా చేతికి అందునది ఏది అని ప్రతివాడును తన్ను తాను అడుగవలెను. మాటలాడవలసినచోట మాటలాడుట కావచ్చును. ఓటు కావచ్చును. మన యింటిలోనే వినబడు ద్వేషపు మాటను ఆపుట కావచ్చును.

ప్రభువు మనకు వినగల చెవులను, విన్నదానిని చేయు చేతులను దయచేయును గాక. ఆమేన్.