మౌనం అర్ధాంగీకారమేనా?

మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. పెళ్ళిచూపుల్లో తల వంచుకు కూర్చున్న పిల్లని చూసి ముసిముసిగా నవ్వుకోవడానికి ఆ మాట బాగానే ఉంటుంది. కానీ సర్కారువారి లెక్కలో మౌనం అర్ధాంగీకారం కాదండీ, పూర్తి అంగీకారం! ఆ సంగతి నాకు 1997లో, మా కావలిలో, పెదనాన్న పింఛను కాగితాలు చదువుతుండగా తెలిసింది.

అప్పుడు నేను జవహర్ భారతి కాలేజీలో డిగ్రీ మొదటి సంవత్సరం. ఇంగ్లీషు సాహిత్యం చదివే పిల్లనని, ఇంట్లోకి ఏ ఇంగ్లీషు కాగితం వచ్చినా నా ముందు పడేసేవాళ్ళు.

పెదనాన్న 1963లో, చైనా యుద్ధం జరిగిన మరుసటి ఏడు, సైన్యంలో చేరారు. 1965లో ఒక యుద్ధం, 1971లో ఇంకో యుద్ధం చూశారు. 1972లో తాతయ్య పోతే, ఇల్లు చూసే దిక్కు లేక తనే అడిగి బయటికొచ్చేశారు. మొత్తం తొమ్మిదేళ్ళ సర్వీసు. సిపాయికి పింఛను రావాలంటే పదిహేనేళ్ళు ఉండాలి. అందుకని గ్రాట్యుటీ కింద కొంత డబ్బు చేతిలో పెట్టి పంపారు. అది కాస్తా మా మేనత్త పెళ్ళిలో కరిగిపోయింది. మరుసటి ఏడు ఆయనకి ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా ఉద్యోగం దొరికింది. 58 ఏళ్ళు నిండి రిటైరయ్యేనాటికి అక్కడ ఇరవై నాలుగేళ్ళయింది.

ఇప్పుడొక చిన్న లెక్క. అమ్మో లెక్కలా అని పేజీ తిప్పెయ్యకండి. పచారీ కొట్టు చీటీ కంటే సులువు. ఆ రోజుల్లో 33 ఏళ్ళ సర్వీసుంటే ఆఖరి పది నెలల సగటు జీతంలో సగం పింఛను. సర్వీసు తగ్గితే పింఛనూ ఆ పాళాన తగ్గుతుంది. సగటు జీతం 3,300 అనుకోండి. 33 ఏళ్ళకి 1,650 రూపాయలు. 24 ఏళ్ళకి 1,200. మరి పెదనాన్న ఆఫీసులో చేసిన ఇరవై నాలుగుకి సైన్యంలో చేసిన తొమ్మిది కలిపితే ఎంత? సరిగ్గా ముప్పై మూడు!

కలుపుకునే వీలుందా అంటే, ఉంది. 1972 నాటి కేంద్ర పింఛను నిబంధనల్లో పందొమ్మిదోది అచ్చంగా ఇలాంటివాళ్ళ కోసమే. సైన్యం నుంచి వచ్చి సివిల్ ఉద్యోగంలో చేరినవాడికి రెండు దారులు చూపించింది. సైన్యం ఇచ్చిన పింఛనో గ్రాట్యుటీయో తన దగ్గరే ఉంచుకోవచ్చు, అప్పుడు ఆ ఏళ్ళు కలవవు. లేదా పింఛను మానుకుని, గ్రాట్యుటీ తిరిగి కట్టి, ఆ ఏళ్ళు కలుపుకోవచ్చు. కట్టడానికి 36 నెలసరి వాయిదాల వరకూ ఇస్తారు. పైసలతో సహా తీరేదాకా మాత్రం హక్కు రాదు.

ఇందులో అన్యాయమేమీ నాకు కనిపించలేదు. ఒకే ఏడాదికి రెండుసార్లు ప్రతిఫలం అడగడం ధర్మం కాదు. మనం మాత్రం, ఒక నెల పాలకి రెండుసార్లు డబ్బు అడిగితే ఇస్తామా?

చిక్కంతా తరవాతి వాక్యంలో ఉంది. ఉద్యోగం ఖాయం చేస్తూ ఇచ్చే ఉత్తర్వుతో పాటే, నీకు ఏ దారి కావాలో చెప్పమని ఆఫీసు అతన్ని రాతపూర్వకంగా అడగాలి. మూడు నెలల్లోగా అతను చెప్పాలి. చెప్పకపోతే? మొదటి దారినే కోరుకున్నట్టు భావిస్తారు. అంటే తొమ్మిదేళ్ళూ వదులుకున్నట్టే.

"పెదనాన్నా, మిమ్మల్ని ఎవరైనా అడిగారా?" అన్నాను.

"ఏందమ్మే అడిగేది? ఖాయమైంది, స్వీట్లు తెప్పించమన్నారు. తెప్పించా," అన్నారాయన.

ఆ పాత ఉత్తర్వు వెతికి తీశాను. అందులో ఆ ప్రశ్న లేనే లేదు. పౌరుషం కొద్దీ నా ఇంగ్లీషంతా పోసి అర్జీ రాశాను. నాలుగు నెలలకి రెండు వాక్యాల జవాబు వచ్చింది. గడువులోగా కోరుకోలేదు కాబట్టి ఇప్పుడు పరిశీలించడం కుదరదట.

పెదనాన్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "సరిహద్దుకి పొమ్మన్నప్పుడు నీ ఇష్టమేందో రాసియ్యి, మూడు నెలలు టైమిస్తామని ఎవరూ అనలేదమ్మే," అన్నారు. అంతే. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

పింఛను దయాధర్మం కాదని, చేసిన సేవకి చెల్లే హక్కని మన సుప్రీంకోర్టు నకారా కేసులో 1982 డిసెంబరు 17న స్పష్టంగా చెప్పింది. ఆ తేదీనే ఇప్పటికీ పింఛనుదారుల దినంగా జరుపుకుంటారు. హక్కే అయితే, నోరు విప్పనంత మాత్రాన అది పోతుందా?

ఆఫీసు తరఫున కూడా ఆలోచించాను సుమండీ. గడువంటూ లేకపోతే ఖాతా ఎప్పటికీ మూయలేరు. ముప్పై ఏళ్ళు ఆగి, ఏది లాభమో చూసుకుని అప్పుడు కోరుకుంటానంటే ఒప్పుకోవడం కష్టమే. కాబట్టి గడువు పెట్టడం తప్పు కాదు. కానీ ఇక్కడ మౌనాలు రెండున్నాయి. అడగాల్సిన ఆఫీసు అడగలేదు, అది మొదటి మౌనం. అడగలేదు గనుక ఈయన చెప్పలేదు, అది రెండోది. జరిమానా మాత్రం రెండోదానికే పడింది! ఉందని తెలియనిదాన్ని మనిషి వదులుకోగలడా? వదులుకోవడమంటే తెలిసి వదలాలి. తెలియకుండా పోతే దాన్ని పోగొట్టుకోవడం అంటారు.

ఇదంతా ఒక సాయంత్రం మా వసారాలో ఆవేశంగా ఉపన్యాసం ఇస్తున్నాను. నాన్న తల ఊపుతున్నారు. పెద్దమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, తలెత్తకుండానే అంది: "నా గొలుసు సంగతి కూడా ఒక అర్జీ రాయవే!"

అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు.

తరవాత అమ్మని అడిగి తెలుసుకున్నాను. 1967లో నాన్న కాలేజీ ఫీజు కట్టాల్సి వచ్చింది. పెదనాన్న పంపే మనియార్డరు ఆ నెల ఆలస్యమైంది. కొత్తగా కాపురానికొచ్చిన పెద్దమ్మ మెళ్ళోని రెండు పేటల గొలుసు తాకట్టు కొట్టుకి వెళ్ళింది. వడ్డీ పెరిగి, గడువు దాటి, అక్కడే మునిగిపోయింది. నాన్న చదివారు, ఉద్యోగం చేశారు, ఇల్లు కట్టారు, మమ్మల్నీ చదివించారు. గొలుసు మాట వచ్చినప్పుడల్లా మా ఇంట్లో ఒకటే జవాబు: "వదిన ఎన్నడూ అడగలేదుగా!"

నా చెవులకి అది ఆ రెండు వాక్యాల జవాబులాగే వినిపించింది. ఆఫీసు మీద కత్తి దూసిన నేను, ఆ గొలుసు పుణ్యాన చదువుకున్నవాడి కూతుర్ని. మా ఇల్లూ ఒక ఆఫీసే. ఇక్కడా ఎవరూ అడగలేదు, ఆవిడ చెప్పలేదు, వదులుకున్నట్టే భావించేశాం. భర్త సరిహద్దులో ఉన్న ఆ ఏళ్ళలో అత్తమామల మంచాల దగ్గర ఆవిడ చేసిన సేవకి సర్వీసు పుస్తకం కూడా లేదు.

నాన్నతో చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. ఆ సంక్రాంతికి రెండు పేటల గొలుసు చేయించి పట్టుకొచ్చారు. వద్దంటుందేమోననుకున్నాం. పెద్దమ్మ వద్దనలేదు. అద్దం ముందు నిలబడి మెళ్ళో వేసుకుంది.

"ఇన్నేళ్ళూ ఒక్కసారైనా అడగలేదేం పెద్దమ్మా?" అన్నాను.

"అడిగితే ఇచ్చేవాళ్ళేనే, నాకు తెలుసు. అడక్కుండా ఇస్తారేమోనని చూశా," అంది.

పెదనాన్న ఇప్పుడు లేరు. ఆ 1972 నిబంధనల స్థానంలో 2021లో కొత్తవి వచ్చాయి. ఆయన తొమ్మిదేళ్ళు మాత్రం ఏ లెక్కలోనూ కలవకుండానే పోయాయి. వాటిని నేను తెచ్చివ్వలేకపోయాను.

మొన్న మా పాత ఇల్లు అమ్మకం మాటలు నడిచాయి. అన్నయ్య, నేను, చెల్లెలు కూర్చున్నాం. ధర కుదిరింది, వాటాలు కుదిరాయి. చెల్లెలు ఏమీ అనలేదు. దానికి సమ్మతమేనని అన్నయ్య కాగితం ముందుకి జరిపాడు. నేను ఆ కాగితం మీద చెయ్యి పెట్టి, "నీకేం కావాలే?" అని అడిగాను.

గంటసేపు మాట్లాడింది.