పాలో ఆల్టోనా, కూపర్టినోనా: పెద్దమ్మ మాట

అమ్మలూ,

పాలో ఆల్టోలో ఒకటి, కూపర్టినోలో ఒకటి, రెండు ఇళ్ళు మీ ఇద్దరికీ నచ్చాయనీ, ఏది తీసుకోమంటావో చెప్పమనీ రాశావు. ఈ సిలికాన్ లోయలోనే ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని, పిల్లల్ని ఇక్కడి బళ్ళలోనే చదివించినదాన్ని, రెండూళ్ళలోనూ ఆప్తులున్నదాన్ని కనక నాకు తోచింది దాచకుండా చెబుతాను. కొన్ని మాటలు నీకు రుచించకపోవచ్చు. మీ అమ్మ ఇక్కడుంటే తనూ ఇవే చెప్పేది.

మీరిద్దరూ పొద్దున ఎనిమిదిన్నరకు బయల్దేరితే సాయంత్రం ఆరున్నరకు గాని ఇల్లు చేరరు. ఆ పగలంతా ఆ ఊళ్ళో నిజంగా కాపురం ఉండేదెవరు? ఏటా ఆరేసి నెలలు మీ దగ్గర ఉంటానన్న మీ అత్తగారు, ఒకటో తరగతి చదువుతున్న పాప. ఇద్దరికీ కారు నడపడం రాదు. మీ ఆఫీసులకు ఎంత దూరమో, ఏ హైవే దగ్గరో లెక్కలన్నీ వేసుకున్నారు గాని, వాళ్ళ రోజు ఎలా గడుస్తుందో నీ ఉత్తరంలో ఒక్క ముక్కా లేదు. నేను అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

రెండూళ్ళ మధ్య దూరం పది మైళ్ళ పైచిలుకు. 2020 జనాభా లెక్కల్లో పాలో ఆల్టోకు 68 వేల మంది, కూపర్టినోకు 60 వేల మంది. డబ్బులోనూ చదువుల్లోనూ ఒకదానికొకటి తీసిపోవు. కాని పుట్టుకలు వేరు. పాలో ఆల్టో రైలు పట్టాల పక్కన, యూనివర్సిటీ నీడలో పుట్టిన ఊరు. స్టాన్‌ఫర్డ్ 1891లో తెరిచారు, ఊరు 1894లో ఏర్పడింది. అప్పటికి ఇక్కడ కార్లు లేవు. అందుకే యూనివర్సిటీ అవెన్యూ, కాలిఫోర్నియా అవెన్యూ చుట్టుపక్కల వీధులు నేటికీ నడిచే మనిషికి అనువుగా ఉంటాయి. పెద్ద చెట్లు, చిన్న కొట్లు, ఆదివారం పూట కూరగాయల సంత, నడిచి వెళ్ళేంత దూరంలో కాల్‌ట్రెయిన్ స్టేషను. 2024 సెప్టెంబరు నుంచి ఆ రైళ్ళు కరెంటుతో నడుస్తున్నాయి. పిల్లల కోసమే 1940లో కట్టిన లైబ్రరీ ఉంది, జూనియర్ మ్యూజియం ఉంది. ఒంట్లో బాగాలేకపోతే స్టాన్‌ఫర్డ్ ఆసుపత్రి, పిల్లలకు లూసిల్ ప్యాకర్డ్ ఆసుపత్రి ఊరి పక్కనే.

కూపర్టినో 1955లో ఊరైంది. ప్లమ్ తోటలు, ఆప్రికాట్ తోటలు కొట్టేసి కార్లున్న కుటుంబాల కోసం వేసిన వీధులు అవి. స్టీవెన్స్ క్రీక్ బులవార్డూ డి ఆంజా బులవార్డూ పెద్దవాళ్ళు దాటాలంటే భయపడేంత వెడల్పు. ఊళ్ళోకి రైలు లేదు, బస్సులే గతి. 2017లో ఆపిల్ పార్క్ తెరిచారు, ఆ రద్దీ తెలియాలంటే వుల్ఫ్ రోడ్డు వైపు ఇల్లు చూసేటప్పుడు సాయంత్రం అయిదింటికి వెళ్ళి చూడండి, శని ఆదివారాల్లో చూసి నిర్ణయించుకోకండి.

ఇంతవరకూ విని పాలో ఆల్టోయే మేలనుకుంటావు. కాని పెద్దావిడకు పగలు గడవాలంటే నీడా నడకదారీ సరిపోవు, పలకరించే మనిషి ఉండాలి. మీ అత్తగారికి తెలుగు తప్ప మరో భాష ధారాళంగా రాదు. పాలో ఆల్టో డౌన్‌టౌన్‌లో అవెనిడాస్ అని పెద్దవాళ్ళ కోసం మంచి సంస్థ ఉంది, నేను మెచ్చుకునే సంస్థ. అయినా అక్కడ ఆవిడకు తెలుగు మాట వినిపించడం అరుదు. కూపర్టినోలో మూడింట రెండు వంతుల మందికి పైగా ఆసియా వాళ్ళే. పొద్దున మెమోరియల్ పార్కుకు వెళితే చీరల మీద స్వెట్టర్లు వేసుకున్న అమ్మమ్మలు, నాయనమ్మలు గుంపులుగా నడుస్తుంటారు. తెలుగు, తమిళం, హిందీ, చైనీసు అన్నీ వినిపిస్తాయి. ఆ పార్కును ఆనుకునే ఊరి సీనియర్ సెంటర్, ఎదురుగా డి ఆంజా కాలేజీ. సన్నీవేల్ గుడి, ఎల్ కమీనో మీద మనవాళ్ళ పచారీ కొట్లు కారులో కొద్ది నిమిషాలు. మనింట్లో పెద్దవాళ్ళు అమెరికా వచ్చి మూణ్ణెల్లకే ‘టికెట్ ముందుకు మార్పించు’ అనడం నేను చాలా ఇళ్ళలో విన్నాను. ఆ మాట చలికి వచ్చేది తక్కువ, కిటికీ దగ్గర ఒంటరిగా కూర్చోవడం వల్ల వచ్చేదే ఎక్కువ.

ఇక బళ్ళ సంగతి. మీరు ఈ రెండూళ్ళ పేర్లు పలకడానికి అసలు కారణం అదేనని నాకు తెలుసు. రెండుచోట్లా చదువు గొప్పది, అందులో సందేహం లేదు. పాలో ఆల్టోలో రెండు పెద్ద హైస్కూళ్ళు, పాలీ, గన్. కూపర్టినో వైపు మాంటా విస్టా, కూపర్టినో హై, ఆపిల్ స్థాపించిన జాబ్స్, వోజ్నియాక్ చదివిన హోమ్‌స్టెడ్, అదే స్కూలు డిస్ట్రిక్టులో లిన్‌బ్రూక్. మరి లిన్‌బ్రూక్ ఉన్నది శాన్‌హోసే సరిహద్దుల్లో. అంటే బడి కోసం కూపర్టినో చిరునామాయే కొనక్కర్లేదు. శాన్‌హోసే పడమటి భాగం, సన్నీవేల్, సరటోగాలలో కొన్ని వీధులు కూడా ఆ డిస్ట్రిక్టుల్లోకే వస్తాయి. ఏజెంటు మాట నమ్మకుండా ఇంటి నంబరుతో సహా డిస్ట్రిక్టు వాళ్ళనే అడిగి కనుక్కో. సరిహద్దు గీతలు మారుతుంటాయి కూడా. పిల్లలు తగ్గిపోయి 2022లో కూపర్టినో డిస్ట్రిక్టు రెజ్నార్ట్ లాంటి ఎలిమెంటరీ బళ్ళు మూసేసింది. ఇంత ధర పెట్టి ఇల్లు కొనగల చిన్న వయసు కుటుంబాలు తగ్గడం అందుకు ముఖ్య కారణం. బడి కోసం ఇల్లు కొనుక్కున్నవాళ్ళ వీధి చివరి బడే మూతపడింది.

దీనికంటే బరువైన విషయం ఒకటుంది. 2009–10లోనూ, మళ్ళీ 2014–15లోనూ పాలో ఆల్టోలో హైస్కూలు వయసు పిల్లలు ఒకరి తరువాత ఒకరు ప్రాణాలు తీసుకున్నారు. 2016లో కేంద్ర ఆరోగ్య సంస్థ సీడీసీ బృందం వచ్చి శాంటా క్లారా కౌంటీలో పరిశీలన చేసింది. ఇలాంటి దుఃఖానికి ఎప్పుడూ ఒకే కారణం ఉండదు, చదువు ఒత్తిడే చేసిందని తేల్చేయడం ఆ పిల్లలకూ తల్లిదండ్రులకూ అన్యాయం. ఊరు ఆ తరువాత చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పిల్లలు ఎప్పుడంటే అప్పుడు వెళ్ళి కూర్చుని మాట్లాడుకోగల వెల్‌నెస్ సెంటర్లు రెండు హైస్కూళ్ళలోనూ పెట్టారు, మరీ పొద్దున్నే మొదలయ్యే క్లాసులు తగ్గించారు. 2022 జులై నుంచి రాష్ట్ర చట్టమే హైస్కూళ్ళు ఎనిమిదిన్నర లోపు మొదలెట్టరాదంటోంది. కూపర్టినోలో ఈ బరువు లేదనుకోకు. మాంటా విస్టా, లిన్‌బ్రూక్‌లలో చదువు పోటీ తట్టుకోలేక తెల్లవాళ్ళ కుటుంబాలు వేరే ఊళ్ళకు పోతున్నాయని 2005లోనే వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది.

మరో లెక్క చెబుతాను, మన తల్లిదండ్రులు చాలామంది ఆలోచించనిది. కాలిఫోర్నియా యూనివర్సిటీ ప్రతి హైస్కూలులోనూ పైనుండే 9 శాతం పిల్లలకు ఎక్కడో ఒక క్యాంపస్‌లో ఖాళీ ఉంటే చోటు ఖాయం చేస్తుంది. మాంటా విస్టాలో ఆ 9 శాతంలోకి రావడం ఎంత కష్టమో ఊహించుకో. తెలివైన పిల్ల మామూలు బడిలో తెలివైనదిగానే ఉంటుంది, ఇక్కడ మాత్రం పన్నెండేళ్ళు తను వెనకబడ్డదాన్ననుకుంటూ పెరిగే ప్రమాదం ఉంది. మన పాపను నేను ఎత్తుకుని పెంచాను. అడిగినదానికి వెంటనే జవాబు చెప్పదు, కాసేపు తనలో తాను ఆలోచించుకుంటుంది. అలాంటి పిల్లను టీచరు ఓపికగా చూస్తారా లేదా అన్నది మీరు వెళ్ళి క్లాసులో కూర్చుని చూడాల్సిన విషయం. బడికి పదికి ఎన్ని మార్కులిచ్చారని సైట్లో చూస్తే అది దొరకదు.

డబ్బు మాటకు వస్తాను. రెండూళ్ళలోనూ ఓ మోస్తరు విడి ఇల్లు 30 లక్షల డాలర్లు దాటడం మామూలైపోయింది. 30 లక్షలే అనుకుందాం. అయిదో వంతు చేతి నుంచి పెడితే 24 లక్షల అప్పు. ఆరున్నర శాతం వడ్డీకి ముప్ఫై ఏళ్ళ వాయిదా నెలకు 15 వేలు దాటుతుంది. 1978 నాటి 13వ ప్రపొజిషన్ ప్రకారం ఇంటి పన్ను కొన్న ధర మీదే పడుతుంది. పక్కింట్లో నలభై ఏళ్ళుగా ఉంటున్న ముసలాయన కట్టేది మీరు కట్టేదానిలో చిన్న భాగం. మీకు స్థానిక పన్నులతో కలిపి నెలకు సుమారు 3 వేలు. అంటే 18 వేల డాలర్లు, ఇన్సూరెన్సూ మరమ్మతులూ వేరే. మీ జీతాల్లో సగం దాకా షేర్ల రూపంలో ఇచ్చే ఆర్‌ఎస్‌యూలే. కంపెనీ షేరు పడితే ఆ సగం కరుగుతుంది, వాయిదా కరగదు. ఇద్దరిదీ హెచ్‌–1బీ వీసా. ఉద్యోగం పోతే మరోటి చూసుకోవడానికి చట్టం ఇచ్చేది 60 రోజులు. గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికైనా ఏడు శాతం హద్దు ఉన్నంతకాలం మన వరుస ఎప్పుడు కదులుతుందో ఎవరి చేతిలోనూ లేదు. 2022, 2023లలో తీసేసిన ఉద్యోగాల్లో మనవాళ్ళవి ఎన్నో నువ్వే చూశావు. ఇద్దరి జీతం మీదే నిలబడే ఇల్లు కొంటే, మీలో ఒకరు కాస్త ఊపిరి తీసుకుందామన్నా, పాపతో ఒక సంవత్సరం ఇంట్లో ఉందామన్నా వీలుపడదు. నేను భయపడేది అందుకే.

చిన్న చిన్న సంగతులు కొన్ని. పాలో ఆల్టోలో కరెంటు, గ్యాసు, నీళ్ళు ఊరివే, నూరేళ్ళకు పైగా మున్సిపాలిటీయే నడుపుతోంది, బిల్లులో తేడా తెలుస్తుంది. కూపర్టినోలో తీగలు పీజీ అండ్ ఈవి. పాలో ఆల్టోలో శాన్ ఫ్రాన్సిస్కీటో వాగు 1998 ఫిబ్రవరిలో పొంగి వందల ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి, 2022 డిసెంబరు 31న మళ్ళీ గట్టు దాటింది. మీకు నచ్చిన ఇల్లు వరద పటంలో ఉందేమో చూడు, ఉంటే బ్యాంకు వరద ఇన్సూరెన్సు తీసుకుని తీరమంటుంది. ఐక్లర్ అనే బిల్డరు కట్టిన ఇల్లని మురిసిపోయావు. గాజు గోడలు అందమే గాని, ఆ ఇళ్ళలో వేణ్ణీళ్ళ గొట్టాలు నేల కింద ఉంటాయి. కారితే పని పెద్దది, వాటిని ఎరిగిన మేస్త్రీతోనే పరీక్ష చేయించాలి. కూపర్టినో వెనక కొండల్లో శాన్ ఆండ్రియాస్ పగులు ఉంది, భూకంపం పాలసీ మామూలు ఇన్సూరెన్సులో రాదు.

నా మాట అడిగావు కాబట్టి సూటిగా చెబుతున్నా. ఇప్పుడు రెండూ కొనకండి. కూపర్టినోలో మెమోరియల్ పార్కుకు నడిచిపోయే దూరంలో రెండు పడగ్గదుల అపార్ట్‌మెంట్ అద్దెకు తీసుకోండి, నెలకు 4 వేల చుట్టూ దొరుకుతుంది. కొనే ఇంటికయ్యే దానిలో నాలుగో వంతుకు దగ్గర. మిగిలినది దాచండి. అత్తగారికి తోడు దొరుకుతుంది, పాపకు వారాంతంలో మనబడి తెలుగు తరగతి ఉంటుంది, మీ ఆఫీసులకు 85వ నంబరు హైవే మీద ఎక్కువ దూరమూ కాదు. పాప మూడో తరగతికి వచ్చేసరికి దాని తీరు మీకు బాగా అర్థమవుతుంది. అప్పటికి కాగితాల సంగతీ ఒక దారిన పడితే పాలో ఆల్టోలో మిడ్‌టౌన్ వైపు చూడండి. తన సైకిలు మీద తనే బడికీ లైబ్రరీకీ వెళ్ళే వయసు పిల్లకు ఆ ఊరికి మించింది ఈ లోయలో లేదని నా నమ్మకం. ఒంటరిగా ఉండే ముసలివాళ్ళకూ ఒకటో తరగతి పిల్లకూ మాత్రం ఇప్పటికి కూపర్టినోయే.

అల్లుడికి ఈ ఉత్తరం చదివి వినిపించు, నీ మాటగా చెప్పకు, పెద్దమ్మ అందని చెప్పు. అద్దె డబ్బు నీళ్ళలో పోస్తున్నట్టని అతను అంటాడు. ఆ 18 వేలలో మొదటి ఏడాది వడ్డీకీ పన్నుకూ పోయేదెంతో కాగితం మీద వేసి చూపించు. పాలో ఆల్టో ఏజెంటు ఆఫరు కోసం శుక్రవారం దాకా ఆగుతానన్నాడని రాశావు. ఆయన్ని అంతదాకా ఆపకుండా రేపే ఫోను చేసి వద్దని చెప్పేయండి.

మీ పెద్దమ్మ