మైనం మీద మెట్లు

"పాటల టీచరుగారికి ఈమధ్య చిరాకు ఎక్కువైందండీ!" సంగీతం చెప్పే ఆవిడ గురించి ఈ మాట ఎంత తేలిగ్గా అనేస్తామో! పొద్దస్తమానం సంగీతంలో మునిగి తేలే మనిషికి మనసు వెన్నలా ఉండాలి గదా అని మన లెక్క.

నిజానికి ఆవిడ మునిగి తేలేది సరళీ స్వరాల్లో. పురందరదాసు వేసిన బాట అని పెద్దలు చెప్పే ఆ మాయామాళవగౌళలోనే ఉదయం ఐదుగురు, సాయంత్రం పదిమంది. కొత్తగా చేరిన ప్రతి పిల్లతోనూ మళ్లీ మొదటికే రావాలి. ఇష్టపడి నేర్చుకున్న త్యాగరాజ కీర్తనలేమో పెట్టెలో పట్టుచీరల్లా మడత విప్పకుండా ఉంటాయి. ఈ రోజుల్లో అమెరికా పిల్లల కోసం తెల్లవారకముందే ఫోను ముందు కూర్చునేవారూ ఉన్నారు. అందులో గొంతు క్షణం ఆలస్యంగా వస్తుంది. తాళం తప్పింది పిల్లా, ఫోనా అన్నది ఆవిడే తేల్చుకోవాలి.

ఇలా వేసారిపోవడానికి 'బర్నవుట్' అన్న పేరును 1974లో ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ప్రచారంలోకి తెచ్చాడు. పనిని ప్రాణంగా చూసుకునేవారే దీని వాత ఎక్కువగా పడతారని ఆయన ఆనాడే గమనించాడు. ఒళ్లూ మనసూ అలిసిపోవడం, ఎదుటి మనిషి మీద ఆపేక్ష ఇంకిపోవడం, 'ఇంతా చేసి నేనేం సాధించాను?' అనిపించడం - ఇవీ దీని గుర్తులు. చిన్నదానికీ కలతపడే స్వభావం ఉన్నవారికి ఈ బెడద ఎక్కువని ఆ తర్వాతి పరిశోధనలూ పదేపదే చెప్పాయి.

అయితే తప్పు ఆవిడ స్వభావానిదేనా?

ఒక్కసారి ఆలోచించండి. పిల్ల పాడే శుద్ధ రిషభం వెంట్రుకవాసి పైకి పోతే ఆవిడ చెవికి ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది. ఆ ముల్లు గుచ్చుకోని టీచరు ఏనాడూ వేసారిపోదు. కానీ మన పిల్లను ఆవిడ దగ్గరికి పంపుతామా? ఆ సున్నితమైన చెవి కోసమే వెతుక్కుంటూ వెళ్తాం, ఆ చెవికి అంటుకునే ఉన్న మనసు నొచ్చుకుంటే మాత్రం చిరాకు మనిషంటాం. ఇదేం న్యాయం చెప్పండి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో దీన్ని రోగమనలేదు, పని తెచ్చిపెట్టే స్థితి అంది. స్వభావం అగ్గిపుల్ల అయితే కావచ్చు, గీసే చేతుల్లో మనవీ ఉన్నాయి మరి.

వీణను చూడండి. దాని ఇరవైనాలుగు మెట్లూ నిలిచేది మైనం మీదే. ఏళ్లు గడిచేకొద్దీ మైనం సడలి, మెట్టు కదిలి, స్వరం పక్కకు పోతుంది. 'దీని బుద్ధే ఇంత' అని వీణను అటక మీద పడేస్తామా? పనివాడి చేత మళ్లీ మేళం కట్టిస్తాం. మనిషి స్వభావమూ రాతి మీద చెక్కింది కాదు, మైనం మీద నిలిపిందే. కాకపోతే వీణ తనంతట తాను మేళం కట్టుకోలేదు. ఇంకో చెయ్యి సాయం కావాలి.

విద్య ఇచ్చేకొద్దీ పెరుగుతుందంటారు. నిజమే, విద్య తరగదు. తరిగేది ఇచ్చే మనిషి. అందుకని రోజుకో గంట తలుపు వేసుకుని తనకోసం తాను పాడుకుంటే అది స్వార్థం కానే కాదు, రేపటి పాఠానికి పెట్టుబడి.

మన వంతుగా చేయగలిగింది పెద్దదేం కాదు. అడిగించుకోకుండా జీతం ఇవ్వడం, 'ఇంకా గీతాల్లోకి రాలేదేమండీ?' అని వారం వారం నిలదీయకపోవడం. ఇంకొకటి - ఈసారి అమ్మాయిని దింపడానికి వెళ్లినప్పుడు గుమ్మంలోంచే తిరిగి రాకండి. "ఇవాళ మీరొక కీర్తన పాడరూ, వినాలనుంది" అని అడిగి, కాసేపు కూర్చోండి.