ఇంకో అర గ్రెయిను అనకు నాయనా

ఇలా కూర్చో నాయనా, రెండు మాటలు చెప్తాను. డల్లాస్‌లో గ్యారేజీలో బెంచీ వేశావట. ప్రెస్సూ, తక్కెడా, వేగం కొలిచే క్రోనోగ్రాఫూ కొన్నావట. బజార్లో దొరకని వైల్డ్‌క్యాట్ తూటా సొంతంగా తయారుచేసి, గుండును సెకనుకు 4,000 అడుగులు దాటించాలని పట్టుబట్టావట. అక్కడ చట్టం ఒప్పుకున్న సరదాయే, కాదనను. నీ చేతిలో పనితనముందని నాకు తెలుసు. తొందరుందనీ తెలుసు. నా భయమంతా ఆ తొందర గురించే.

నీకంటే ముందు ఈ దారిన ఎందరో నడిచారు. 1935లోనే వించెస్టర్ కంపెనీ .220 స్విఫ్ట్ తెచ్చింది. 48 గ్రెయిన్ల బరువున్న గుండు సెకనుకు 4,110 అడుగుల వేగంతో పోతుందని ప్రకటించింది. ఆ వేగంతో పాటే తుపాకీ గొట్టాలు తొందరగా తినేస్తుందన్న పేరూ తెచ్చుకుంది. తర్వాత పి.ఓ. ఆక్లీ అనే మహా పనివాడు వచ్చాడు. కొలరాడోలోని ట్రినిడాడ్ కాలేజీలో తుపాకుల పని నేర్పినవాడు, మీ వైల్డ్‌క్యాట్ వాళ్ళందరికీ గురువులాంటివాడు. గన్స్ అండ్ ఆమో పత్రికకు చెందిన బాబ్ హటన్ కోసం ఆయన ఒక తూటా కట్టాడు. దాని లక్ష్యం ఒక్కటే, 5,000 అడుగులు దాటడం. ఆఫ్రికా అడవి జంతువుల కోసం పుట్టిన .378 వెదర్‌బీ మాగ్నమ్ తూటా ఇత్తడి కేసు తీసుకుని, మెడ నొక్కి, దాని మూతికి సన్నటి .22 గుండు బిగించాడు. అంత పెద్ద కేసు, అంత తుపాకీ మందు. 50 గ్రెయిన్ల గుండు 4,600 దగ్గర ఆగిపోయింది. ఆక్లీ అంతటివాడికే 400 అడుగులు తక్కువ పడ్డాయి నాయనా.

ఎందుకంటావా? గొట్టం సన్నం, మందు బోలెడు. ఒక హద్దు దాటాక నువ్వెంత మందు పోసినా వేగం పెరిగేది పిసరంత, వేడీ ఒత్తిడీ పెరిగేది కొండంత. ఆ మంట గొట్టం మొదట్లో ఉండే గాడుల్ని కాల్చేస్తుంది. బాగా చూసుకుంటే వేల గుళ్ళు కాల్చాల్సిన గొట్టం కొన్ని వందలకే గురి తప్పడం మొదలుపెట్టొచ్చు. గుండూ తట్టుకోలేదు. 14 అంగుళాలకు ఒక చుట్టు తిప్పే గొట్టంలోంచి 4,000 అడుగుల వేగంతో వెళ్ళే గుండు నిమిషానికి 2 లక్షల చుట్లకు పైగా తిరుగుతుంది. రాగి తొడుగు పలచనైతే గాల్లోనే చెదిరిపోతుంది, అట్ట మీద చిల్లే కనబడదు. ఇంత చేసి సాధించేదేమిటి చెప్పు?

మీ అమ్మ వంటింట్లో కుక్కర్ ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 15 పౌండ్లు. .220 స్విఫ్ట్‌కు అక్కడి తూటాల పరిశ్రమ పెట్టుకున్న గరిష్ఠ హద్దు 62,000. దాదాపు 4,000 కుక్కర్ల ఒత్తిడి నీ చెంప పక్కనే. కుక్కరైతే విజిల్ వేస్తుంది, ఇది వెయ్యదు. పైగా నీ సొంత తూటాకు ఆ హద్దేమిటో ఎవరూ కొలిచి పుస్తకంలో రాసి పెట్టలేదు. ఇంకో తూటా లెక్క తెచ్చి దీనికి అతికించకు. పెద్ద కేసులో మందు తగ్గిస్తే క్షేమమే కదా అనీ అనుకోకు. నిదానంగా మండే మందు మరీ తక్కువైతే ఒత్తిడి ఒక్కసారిగా ఎగదన్నిన సందర్భాలున్నాయి.

కాల్చాక ఆ ఇత్తడి కేసు అరచేతిలో పెట్టుకుని నిదానంగా చూడు. మందును అంటించే ప్రైమర్ అంచు గుండ్రంగా ఉండాల్సింది చదునైపోయిందా? కేసు అడుగున మెరుస్తూ గీరిన మచ్చ పడిందా? బోల్టు పిడి పైకి లేపబోతే మొరాయించిందా? ఇందులో ఒక్కటి కనబడినా ఆగు. ఇవేవీ కనబడలేదని ధీమా పడకు. ఒత్తిడి హద్దు దాటినా కొన్నిసార్లు ఏ గుర్తూ రాదు. “ఇంకో అర గ్రెయిను” అనే మాటే నీ నోట రావద్దు. చూపు పోగొట్టుకున్నవాళ్ళకు, వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళకు ఆ అర గ్రెయిను ఏమిచ్చింది?

బెంచీ మీద ఒక్క మందు డబ్బానే ఉంచు. రెండోది బీరువాలో ఉండాలి, తాళం నీ దగ్గరుండాలి. ఏ మందైనా దాని సొంత డబ్బాలోనే ఉండాలి, వేరే సీసాలో పోశావంటే రేపు అదేమిటో నీకే గుర్తుండదు. ఫోను పక్క గదిలో పెట్టు. నిద్ర చాలని రాత్రి, కోడలితో మాటా మాటా అనుకున్న రాత్రి బెంచీ జోలికి పోకు. కళ్ళద్దాలు, చెవులకు రక్షణ లేనిదే కాల్పుల రేంజిలో అడుగు పెట్టకు. రైఫిలు మోత 140 డెసిబెళ్ళు దాటుతుంది, ఒక్క దెబ్బకే పోయిన వినికిడి మళ్ళీ రాదు. పసివాడికి గ్యారేజీ తలుపు తీయడం వచ్చేసిందని కూడా గుర్తుంచుకో.

ఇంకొకటి, దీన్ని తేలిగ్గా తీసుకోకు. నీకు గ్రీన్ కార్డు వచ్చింది సరే. నీతో రేంజికి వచ్చే కుర్రాళ్ళలో హెచ్-1బీ మీద, చదువు వీసా మీద ఉన్నవాళ్ళున్నారు. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు తప్పిస్తే, అలాంటి వీసాల వాళ్ళు తుపాకీ కాదు కదా తూటా దగ్గరుంచుకోవడం కూడా అక్కడ ఫెడరల్ నేరం. వాళ్ళ బతుకులతో ఆడుకోకు. ఇండియాకొచ్చేటప్పుడు రేంజికి తీసుకెళ్ళే సంచీ తేవద్దు. మూలన మరిచిపోయిన ఒక్క తూటా శంషాబాద్ విమానాశ్రయంలో దొరికినా 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. పెళ్ళికని వచ్చి స్టేషన్ మెట్లెక్కుతావు.

నీ ఉత్సాహం చంపాలని కాదు. .22-250 కూడా ఏళ్ళ తరబడి వైల్డ్‌క్యాటే. ఎందరో నిదానంగా కాల్చి, కొలిచి, పక్కవాడికి చెప్పుకుంటూ వచ్చాక 1965లో రెమింగ్టన్ దాన్ని కంపెనీ తూటాగా చేసింది. అది 4,000 కోసం ప్రాణం మీదకు తెచ్చుకునే రకం కాదు, గురి కోసం నిలబడింది. నువ్వూ గురి నేర్చుకో. ఆ వేగం మీద మనసు మరీ లాగితే, పేరున్న గన్‌స్మిత్ దగ్గరికి నీ రైఫిలూ, కాల్చిన కేసులూ, లెక్కల పుస్తకమూ పట్టుకెళ్ళు. ఆయన చూసి వద్దంటే, అక్కడితో మానెయ్యి.