మీ అమ్మకు పారిస్‌లో ఓటు లేదు

మాధవరం

చిరంజీవి మనవడికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి నువ్వు ఫోన్‌లో చెబుతుంటే నేను ఊ కొట్టి ఊరుకున్నాను. ముసలాడికి సరిగా వినపడలేదనుకుని ఉంటావు. అంతా వినపడింది. ఫ్రాన్సు కాలేజీవాళ్ళు నీ సీటు ఒక ఏడాది ఆపి ఉంచుతామన్నారు. ఆ ఏడాది నువ్వు వాళ్ళ ఫారిన్ లీజియన్‌లో చేరతావు. మీ అమ్మకు నువ్వు చెబితే ఇల్లు అదిరిపోతుంది గనక ముందు నేను చెప్పి ఒప్పించాలి. ఇదీ నువ్వు నాకు అప్పజెప్పిన పని. ఇరవై నాలుగేళ్ళు మిలటరీ తిండి తిన్నవాడు కాదంటాడా అనుకున్నావు. కాదనే అంటున్నాను. ఫోన్‌లో అంటే నువ్వు మధ్యలో అందుకుంటావు, నాకు కోపమొస్తుంది. కాగితమైతే చివరిదాకా చదువుతావని రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. కాలేజీ ఆగేది 1 ఏడాది. లీజియన్ మొదటి కాంట్రాక్టు 5 ఏళ్ళు. మొదటి నెలల పరీక్షాకాలం దాటాక, ‘అయ్యా, మా కాలేజీ తెరుస్తున్నారు, వెళ్ళొస్తాను’ అంటే ఏ సైన్యమూ పంపదు. చెప్పకుండా వచ్చేసినవాణ్ణి మా ఫౌజులో భగోడా అంటాం. ఆ మాట ఒకసారి పడితే ఏ దేశంలోనూ మంచిమాట కాదు. కాబట్టి నువ్వు వేసుకుంటున్నది వాయిదా కాదు నాన్నా, సీటు వదులుకుంటున్నావు. వదులుకోవాలనుకుంటే ఆ మాటే చెప్పు. మీ నాన్న కట్టిన ఫీజు సంగతి తర్వాత, చదువుకుంటానని సంతకం పెట్టి తీసుకునే వీసా సంగతి ఆలోచించు. సైనికుడికి మొదటి ఆస్తి మాట. అబద్ధంతో గుమ్మం దాటినవాడికి ఆ ఆస్తి మొదటిరోజే పోతుంది.

లీజియన్‌ను నేను తక్కువ చేసి మాట్లాడను. పక్కింటి కుర్రాడి చేత వారం రోజులు వెతికించి చదివించుకున్నాను. 1831లో లూయీ ఫిలిప్ రాజు పెట్టిన సైన్యం. ఓబాన్య్‌లో కేంద్రం, కాస్తెల్‌నోదరీలో రంగరూట్ల శిక్షణ. పదిహేడున్నర నుంచి ముప్పై తొమ్మిదిన్నర ఏళ్ళ వరకూ ఏ దేశపు మగవాణ్ణయినా తీసుకుంటారు. చేరడానికి పైసా అడగరు, ఏజెంట్లు లేరు, తమ గుమ్మం దాకా నీ అంతట నువ్వే రావాలంటారు. దెబ్బతిన్నవాళ్ళనీ, ముసలివాళ్ళయినవాళ్ళనీ పుయిలూబియే అనే ఊళ్ళో ఉంచుకుంటారట. అక్కడ వాళ్ళు ద్రాక్షతోటలు చూసుకుంటూ, సారా కాచుకుంటూ బతుకుతారట. సారా కాదులే, వైన్. తనవాళ్ళను గాలికి వదలని సైన్యమంటే నాకు గౌరవమే.

వాళ్ళ పెద్ద పండుగ ఏప్రిల్ 30. 1863లో అదే రోజున మెక్సికోలో కామెరోన్ అనే చోట 65 మంది లీజియన్ సైనికులు దాదాపు రెండువేల మందిని పొద్దంతా ఎదిరించారు. వాళ్ళ కెప్టెన్ దాన్జూకి ఒక చెయ్యి కొయ్యది. ఆయన పోయాడు, ఆ కొయ్యచెయ్యి దొరికింది. ఇప్పటికీ ఏటా ఆ రోజున దాన్ని కవాతులో మోసుకొస్తారు. చదువుతుంటే నాకూ రోమాలు లేచాయి. ఆ తర్వాత ఒక ప్రశ్న వచ్చింది. వీళ్ళు మెక్సికోలో ఏం చేస్తున్నారు? పుయెబ్లా ముట్టడికి వెళ్ళే బంగారానికీ సామానుకీ కాపలాగా బయల్దేరారు. ముట్టడి ఎందుకు? మూడో నెపోలియన్‌కు మెక్సికో మీద తన మనిషిని చక్రవర్తిగా కూర్చోబెట్టాలని బుద్ధి పుట్టింది. నాలుగేళ్ళు తిరిగేసరికి, 1867లో, ఫ్రెంచి సేనలు ఇంటికెళ్ళిపోయాయి. ఆ చక్రవర్తి మాక్సిమిలియన్‌ను మెక్సికోవాళ్ళు నిలబెట్టి కాల్చేశారు. కొయ్యచెయ్యి మిగిలింది.

ఆ 65 మంది ధైర్యాన్ని నేను శంకించను. వాళ్ళ ధైర్యాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలో నిర్ణయించింది వేరేవాళ్ళు. నీకు చెప్పదలుచుకున్నది ఇదే. సైన్యంలో చేరేవాడు ప్రాణం ఇస్తాడని అందరూ అంటారు. ప్రాణం పోయేది కొందరికే. ఎవరితో పోరాడాలన్న నిర్ణయం మాత్రం చేరిన ప్రతివాడూ సంతకం పెట్టిన రోజే ఇచ్చేస్తాడు. దాన్ని ఎవరి చేతిలో పెడుతున్నావో చూసుకోవాలి.

నువ్వు ఫోన్‌లో ఒక బాణం వేశావు. ‘మన ముత్తాత తెల్లవాళ్ళ పటాలంలో చేయలేదా? అది విదేశీ సైన్యం కాదా?’ అని. మంచి ప్రశ్న. మన ఊరు రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊరు. మా నాన్న కూడా వెళ్ళాడు. 1944లో మణిపూర్ కొండల్లో ఉన్నాడు. అవతల జపాన్‌వాళ్ళు, వాళ్ళతో పాటు ఆజాద్ హింద్ ఫౌజ్. చీకట్లో అవతలినుంచి హిందీలో కేకలు వినపడేవని ఒక్కసారి, ఒకే ఒక్కసారి నాతో అన్నాడు. తర్వాత మాట మార్చేశాడు. ఆ మెడల్ ట్రంకుపెట్టెలోనే ఉండిపోయింది, ఏ పండక్కీ బయటికి తీయలేదు. ఆయన కడుపు కోసం వెళ్ళాడు. జెండా ఎంచుకునే వీలు ఆయనకు లేదు, దేశానికే లేదు. నీకుంది. వీలు లేనివాడు చేసిన పనిని వీలున్నవాడు సాక్ష్యంగా చూపించకూడదు.

ఇక నా సంగతి. మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు.

1987 జులై 29న కొలంబోలో ఒప్పందం జరిగింది. శాంతిసేన పేరుతో మమ్మల్ని శ్రీలంక పంపారు. అప్పటికి నేను నాయక్‌ని. మద్రాస్ రెజిమెంటు వాడిని గనక వెల్లింగ్టన్‌లో ట్రైనింగు నాటినుంచీ అరవం వచ్చు. జాఫ్నాలో దిగినప్పుడు జనం దండలు వేశారు, బొండాలు కొట్టి ఇచ్చారు. అక్టోబరు వచ్చేసరికి అవే వీధుల్లో పోరు మొదలైంది. మాతో వచ్చిన వేరే రెజిమెంట్ల వాళ్ళలో చాలామందికి అక్కడివాళ్ళ మాటలు వట్టి చప్పుడు. నాకు ప్రతి మాటా అర్థమయ్యేది. ఒక ఇంటి సోదా చేస్తుంటే, గుమ్మంలో కూర్చున్న ముసలామె అడిగింది: ‘ఎందుకు వచ్చావు తంబీ?’ తిట్టలేదు, ఏడవలేదు. ఊరికే అడిగింది. నేను జవాబు చెప్పకుండా బయటికొచ్చాను.

జవాబు లేక కాదు. మా దేశం పంపింది, రెండు ప్రభుత్వాలు సంతకాలు చేశాయి, మా పార్లమెంటుకు తెలుసు అని చెప్పొచ్చు. అదంతా నిజం. అంత నిజం ఉండీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రేపు లీజియన్ నిన్ను ఎక్కడికి పంపుతుందో నీకు తెలియదు. 2013 నుంచి కొన్నేళ్ళు మాలిలో ఉన్నారు వాళ్ళు, 2022లో ఫ్రెంచి సైన్యం అక్కడినుంచి వచ్చేసింది. అలాంటి ఏ ఎడారి ఊళ్ళోనో ఒక ముసలామె నిన్ను అదే మాట అడిగితే ఏమంటావు? ‘మా దేశం పంపింది’ అనలేవు. ‘నాకు అయిదేళ్ళ కాంట్రాక్టు ఉందమ్మా’ అనాలి. ఆ జవాబు ఒకసారి అద్దం ముందు నిలబడి చెప్పి చూసుకో.

ఇంకో సంగతి. శ్రీలంకలో దాదాపు 1,200 మంది మనవాళ్ళు పోయారు. ఇక్కడ మీ అమ్మమ్మ చంకలో నాలుగేళ్ళ మీ అమ్మ. నా ఉత్తరం ఆలస్యమైతే మీ అమ్మమ్మ పోస్టుమాన్ మీద విరుచుకుపడేదట. ఆవిడ చదువుకోలేదు. కానీ 1989 నవంబరులో బడి దగ్గర వరసలో నిలబడి ఓటు వేసింది. ఆ ఎన్నికల్లో ప్రభుత్వం మారింది. శ్రీలంక ప్రభుత్వం అప్పటికే వెళ్ళిపొమ్మంది, మన కొత్త ప్రభుత్వం వచ్చేయమంది. 1990 మార్చి 24న ఆఖరి దళం ఓడెక్కింది. మీ అమ్మమ్మ ఓటే నన్ను వెనక్కి తెచ్చిందని నేననను. కానీ నన్ను పంపినవాళ్ళు ఆవిడ ఓటుకు లోబడినవాళ్ళు. తప్పు చేస్తే దించే హక్కు ఆవిడకుంది. నాకు జీతం కంటే, మెడల్ కంటే అదే పెద్ద ధైర్యం. మీ అమ్మకు పారిస్‌లో ఓటు లేదు. నిన్ను ఎక్కడికి పంపినా, ఎందుకు పంపినా, నిలదీయడానికి ఆమెకు గుమ్మం ఉండదు.

రష్యా సంగతి పేపర్లో చదివే ఉంటావు. హెల్పర్ ఉద్యోగమని చెప్పి ఏజెంట్లు తీసుకెళ్ళి, తుపాకీ ఇచ్చి యుక్రెయిన్ వైపు తోశారు. పోయినవాళ్ళలో హైదరాబాద్ కుర్రాడూ ఉన్నాడు. 2025 జనవరిలో మన విదేశాంగ శాఖ చెప్పిన లెక్క: రష్యా సైన్యంలో పడ్డ మనవాళ్ళు 126 మంది, చనిపోయినవాళ్ళు 12, జాడ లేనివాళ్ళు 16. నువ్వు వాళ్ళలా మోసపోయి వెళ్ళడం లేదు, ఒప్పుకుంటాను. నేను చూపించేది వేరే. వాళ్ళను విడిపించమని 2024 జులైలో మన ప్రధానమంత్రి మాస్కోలో అడగాల్సి వచ్చింది. పరాయి సైన్యంలో ఉన్నవాడి కోసం మన దేశం చేయగలిగింది అడగడమే. ఆజ్ఞ వేయలేదు.

నేపాలీ గూర్ఖాలు చేయడం లేదా అంటావు. నాతో పాటు పనిచేశారు, నాకంటే గట్టివాళ్ళు. కానీ వాళ్ళ వెనక 1947లో మూడు దేశాలు కూర్చుని చేసుకున్న ఒప్పందం ఉంది. నాలుగేళ్ళ కొలువు పెట్టిన అగ్నిపథ్ పథకం వచ్చాక ఈ షరతులు మాకు కుదరవని నేపాల్ తన పిల్లల్ని మన సైన్యానికి పంపడం ఆపేసింది. అంటే అక్కడ బిడ్డ తరఫున మాట్లాడే దేశం ఒకటుంది. నీ తరఫున లీజియన్‌తో ఎవరు మాట్లాడారు?

ఇప్పుడు కాస్త నొప్పి కలిగించే మాట. బెంగుళూరులో సైనికాధికారుల్ని ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ అయిదో రోజున కాన్ఫరెన్స్‌లో నీ నంబరు పిలవలేదు. ఆ తర్వాతే ఈ లీజియన్ ఆలోచన వచ్చింది. అగ్నివీర్‌గా వెళ్ళమంటే, నాలుగేళ్ళ తర్వాత నూటికి 25 మందినే ఉంచుకుంటారని వద్దన్నావు. నీ ఇష్టం. కానీ నాలుగేళ్ళకు ఇంటికి పంపుతారని మన సైన్యాన్ని వద్దన్నవాడివి, అయిదేళ్ళకు పరాయి సైన్యానికి రాసిస్తానంటున్నావు. కోరుకుంటే వేరే పేరుతో చేరనిస్తారని ఆ మాట నువ్వే ఉత్సాహంగా చెప్పావు. పేరు మార్చుకోవాల్సినంత తప్పు నువ్వేం చేశావురా? ‘ఎస్‌ఎస్‌బీ ఏమైంది?’ అని అడిగే నలుగురికి మొహం చూపించలేకపోవడం తప్ప నీకొచ్చిన కష్టం నాకు కనపడలేదు. ఆ నలుగురి కోసం ఫ్రాన్సు దాకా పారిపోనక్కర్లేదు. ఇంటర్ తప్పి పటాలంలో చేరినవాణ్ణి నేను. ఊళ్ళో అడిగినవాళ్ళందరికీ ‘తప్పాను’ అని చెప్పాను. రెండు నెలల్లో అడగడం మానేశారు.

ఏం చెయ్యమంటావు తాతయ్యా అంటే చెబుతాను. కాలేజీ తెరిచే రోజుకు వెళ్ళి చేరు. డిగ్రీ అయ్యే ఏడాది ఆఫీసర్ల భర్తీకి పెట్టే సీడీఎస్ పరీక్ష రాయొచ్చు, ఏడాదికి రెండుసార్లు పెడతారు. అప్పటికీ నీ ఒంట్లో ఆ కుతి ఉంటే ఆఫీసరువై రా. సుబేదారుగిరీ చేసిన తాత నీకు సెల్యూట్ కొడతాడు, నువ్వు సిగ్గుపడాలి. అదీ కాదు, ఫ్రాన్సే నీ దేశమవ్వాలనిపిస్తే అదీ తప్పు కాదు. అక్కడ బతుకు, వాళ్ళ భాష నేర్చుకో, ఇరుగుపొరుగు చావుకీ పెళ్ళికీ వెళ్ళు, పౌరుడివి కా. 1955 పౌరసత్వ చట్టం ప్రకారం ఆ రోజుతో మన పాస్‌పోర్టు పోతుందని తెలిసే కా. అక్కడ ఓటేశాక తుపాకీ పట్టుకుంటే నీది సేవ, దాన్ని నేను కూడా కాదనను. ముందు తుపాకీ పట్టుకుని, మూడేళ్ళ తర్వాత పౌరసత్వానికి దరఖాస్తు పెడితే మాత్రం అది బేరం.

మీ అమ్మకు నేనేమీ చెప్పను. ఈ ఉత్తరం నువ్వే ఆమె చేతికివ్వు. చదువుతూ ఏడుస్తుంది, కాసేపు ఊరుకో. ఆ తర్వాత కూడా వెళ్తానంటే, ఆమె ముందే చెప్పి వెళ్ళు.

ఒక్కటి గుర్తుంచుకో. లీజియన్ ముప్పై తొమ్మిదిన్నర ఏళ్ళ దాకా తీసుకుంటుంది. నీకిప్పుడు పద్దెనిమిది. ఇంకా ఇరవై ఏళ్ళ పైమాటే వాళ్ళు నీ కోసం ఆగుతారు. కాలేజీ ఆగేది ఒక్క ఏడాదే.

ఇట్లు
మీ తాతయ్య