కన్నప్ప కన్ను ఇచ్చాడు సరే, పక్కన నిలబడింది ఎవరు?

 

పోయిన వారం శ్రీకాళహస్తి వీడియోలో కన్నప్ప కొండ దగ్గర నేను ఒక మాట మొదలుపెట్టి సగంలో ఆపేశాను. ఎడిటింగ్‌లో తీసేద్దాం అనుకున్నా గానీ అలాగే ఉండిపోయింది. ఏమైంది అని అడిగారు కొంతమంది. కెమెరా ముందు చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నా.

మాది ఏర్పేడు. రేణిగుంట దాటి కాళహస్తికి పోయే దారిలో వస్తుంది. ఇప్పుడు ఐఐటీ తిరుపతి ఉన్న ఊరు అంటే అందరికీ తెలుస్తుంది గానీ, మా తాత తరానికి ఏర్పేడు అంటే వ్యాసాశ్రమం. 1926లో మలయాళ స్వాములవారు స్థాపించారు. ఆ కాలంలోనే కులం చూడకుండా, ఆడవాళ్ళకు కూడా సంస్కృతం, వేదాంతం చెప్పిన చోటు అది. మా తాత చదివింది ఐదో తరగతి. అయినా ఆశ్రమంలో ఉపన్యాసం ఉందంటే సైకిల్ తీసుకుని బయల్దేరేవాడు. "ఈ దేహం బాడుగ ఇల్లురా అబ్బోడా, ఖాళీ చేసేటప్పుడు తాళాలు ఇచ్చి పోవాల" అనేవాడు.

ఆ మాట మీదే ఉన్నాడు కూడా. ఊళ్ళో కంటి క్యాంపు పెట్టినప్పుడు నేత్రదానం కార్డు మీద సంతకం పెట్టాడు. సాక్షి సంతకం నాది. అప్పుడు నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం.

తాత పోయింది తెల్లవారుజామున నాలుగున్నరకు. నేను బెంగళూరులో ఉన్నా. ఫోన్ రాగానే దొరికిన బస్సు ఎక్కేశాను. పలమనేరు దగ్గర కార్డు గుర్తొచ్చింది. పెదనాయనకు ఫోన్ చేసి చెప్పా. "కండ్లు తీసేసి పంపిస్తే నాయన దారెట్ల చూసుకుంటాడురా? నువ్వు ముందు ఇంటికి రా" అన్నాడు. ఆయన ఏడుస్తున్నాడు. నేను సరే అని ఫోన్ పెట్టేశా. ఇంకెవరికీ చేయలేదు. ఇల్లు చేరేసరికి పదకొండున్నర. కార్నియా తీసుకోవాలంటే చనిపోయిన ఆరు గంటల లోపు తీసుకోవాలి. అప్పటికి ఏడు గంటలు అయిపోయింది.

పెద్దకర్మ అయిపోయి అందరూ వెళ్ళాక అవ్వ నన్ను పిలిచి అడిగింది. "ఆ కార్డు సంగతి నాకూ చెప్పినాడు మీ తాత. మీరెవురూ నన్ను అడగలేదే?"

నా దగ్గర సమాధానం లేదు. పెదనాయనను తప్పు పట్టను. సాక్షి సంతకం పెట్టిన వాడిని నేను. అవ్వకు ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది.

ఇప్పుడు కన్నప్ప దగ్గరికి వద్దాం. కాళహస్తిలో శివరాత్రి బ్రహ్మోత్సవాలకు మొదటి ధ్వజారోహణం కన్నప్ప కొండ మీదే. స్వామి కంటే ముందు భక్తుడికి జెండా ఎత్తే క్షేత్రం మనది. కథ మీకు తెలుసు. వేటగాడు తిన్నడు, శివలింగం కంటి నుంచి రక్తం, బాణంతో తన కన్ను పెకలించి పెట్టడం, రెండో కన్ను కూడా ఇవ్వబోతూ చోటు తెలియడానికి కాలు ఆనించి పెట్టడం. చిన్నప్పటి నుంచి మనం ఈ కథలో తిన్నడినే చూస్తాం. ఇంకొకాయన ఉన్నాడు, మర్చిపోతాం. రోజూ వచ్చి గుడి శుభ్రం చేసుకుని, ఈ మాంసం ఎవడు పెడుతున్నాడురా అని కుమిలిపోయిన అర్చకుడు. ఆయన్ను దాక్కుని చూడమన్నది సాక్షాత్తూ శివుడే. అంటే స్వామికి ఒక సాక్షి కావాలి. అదీ ఈ పని నచ్చని సాక్షి!

అవయవదానం చట్టం చదువుతుంటే నాకు ఆ అర్చకుడే గుర్తొచ్చాడు. 1994లో పార్లమెంటు ఈ చట్టం చేసింది. ఆరోగ్యం రాష్ట్రాల విషయం కాబట్టి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1995లో సొంత చట్టం చేసుకుంది. 2011లో కేంద్ర చట్టాన్ని సవరించారు. తెలంగాణ ఆ సవరణలతో ఉన్న చట్టాన్ని 2025లో తీసుకుంది. నేను మరణించాక నా అవయవాలు ఇస్తాను అని రాయాలంటే ఇద్దరు సాక్షులు ఉండాలి, వాళ్ళలో ఒకరు దగ్గరి బంధువు అయ్యుండాలి. మనవడు కూడా దగ్గరి బంధువే అని చేర్చింది 2011 సవరణ. ఎంత సంతకం పెట్టినా, ఆ రోజు శరీరం ఎవరి దగ్గర ఉంటుందో వాళ్ళను అడగకుండా డాక్టర్లు ముందుకు పోరు. మనం కార్డు తీసుకుని పర్సులో పెట్టుకుని పని అయిపోయింది అనుకుంటాం. కోడ్ రాసి డిప్లాయ్ చేయకుండా పడుకున్నట్టే అది.

ఇంకో సంగతి. తిన్నడు చేసినట్టు బతికుండగా కన్ను ఇస్తానంటే ఇవాళ ఏ డాక్టరూ తీసుకోడు. కళ్ళు పోయాకే ఇవ్వాలి. మధుమేహం ఉన్నా, కళ్ళజోడు ఉన్నా, శుక్లాల ఆపరేషన్ అయినా ఇవ్వొచ్చు. కంటి బ్యాంకు వాళ్ళు ఇంటికే వస్తారు, అరగంట పని. వాళ్ళు వచ్చేలోపు రెప్పలు మూసి, తడి దూది పెట్టి, ఫ్యాను ఆపి, తల కింద దిండు పెట్టాలి. ముఖం వికారంగా అవ్వదు. ఇవి ఇప్పుడే మీ ఇంట్లో చెప్పి పెట్టండి. ఆ రోజు గూగుల్ చేసే స్థితిలో ఎవరూ ఉండరు.

గుండె, కాలేయం, మూత్రపిండాల సంగతి వేరు. ఇంట్లో చనిపోతే అవి పనికిరావు. బ్రెయిన్ డెత్ అయి, వెంటిలేటర్ మీద గుండె ఇంకా కొట్టుకుంటున్నప్పుడే వీలవుతుంది. ఇక్కడే అందరికీ భయం. "ఛాతీ కదులుతా ఉంది కదా, బతికున్నట్టే కదా?" అంటారు. కోమాలో మెదడు బతికే ఉంటుంది. బ్రెయిన్ డెత్‌లో మెదడు కాండం చచ్చిపోతుంది, ఇక తనంతట తాను ఒక్క శ్వాస కూడా రాదు. చట్టం ఒక్క డాక్టరు మాట నమ్మదు. నలుగురు డాక్టర్లు, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్ష చేయాలి. అవయవాలు మార్చే డాక్టర్లు ఆ నలుగురిలో ఉండకూడదు. రోడ్డు ప్రమాదం కేసయితే పోలీసుల అనుమతి, పోస్టుమార్టం కూడా ఉంటాయి. అవయవాలు ఎవరికి పోవాలో ఇంట్లోవాళ్ళు నిర్ణయించలేరు, జీవన్‌దాన్ లిస్టు ప్రకారం పోతాయి. డబ్బు తీసుకుంటే కేంద్ర చట్టం ప్రకారం ఐదు నుంచి పదేళ్ళ జైలు, 20 లక్షల నుంచి కోటి దాకా జరిమానా. దానం అనే మాటను ఇంత గట్టిగా కాపాడిన చట్టాలు తక్కువ.

2023 జనవరిలో తిరుపతిలోని శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయంలో మొదటి గుండె మార్పిడి జరిగింది. విశాఖ నుంచి విమానంలో రేణిగుంటలో దిగింది ఆ గుండె. గుండెకు ఉన్న టైము నాలుగు నుంచి ఆరు గంటలు. ట్రాఫిక్ ఆపి తిరుపతికి తీసుకుపోయారు. మా ఇంటి నుంచి రేణిగుంట ఎంత దూరం! ఆ రోజు ఎక్కడో ఒక ఇంట్లో ఎవరో, మా పెదనాయన ఏడ్చినట్టే ఏడుస్తూ, సరే అన్నారు. మనలో ఎంతమందికి తిన్నడి అవకాశం వస్తుందో చెప్పలేం. బ్రెయిన్ డెత్ అరుదు. అర్చకుడి చోటు మాత్రం ప్రతి ఇంట్లో ఎవరో ఒకరికి వస్తుంది.

అవయవం లేకుండా పోతే వచ్చే జన్మలో అది ఉండదు అనే మాటకు వద్దాం. గీత రెండో అధ్యాయంలో దేహాన్ని పాత బట్టతో పోల్చాడు కృష్ణుడు. విడిచిన బట్టకు బొత్తాం లేకపోతే కొత్త బట్టకు ఎందుకు లేకుండా పోతుంది? దధీచి వెన్నెముకే ఇచ్చేశాడు, ఆయన్ను మహర్షి అనే అంటున్నాం. మెడికల్ కాలేజీకి శరీరం మొత్తం ఇస్తే దహనం ఎలా అని అడుగుతారు. శరీరదానం ఈ చట్టం కిందకు రాదు, దానికి రాష్ట్రాల అనాటమీ చట్టాలు ఉన్నాయి. పోస్టుమార్టం అయిన శరీరాన్ని మామూలుగా తీసుకోరు. కర్మ విషయానికొస్తే, శరీరం దొరకని వాళ్ళకు దర్భలతో రూపం చేసి దహనం చేసే పద్ధతి మన శాస్త్రంలోనే ఉంది. మీ పురోహితుడిని అడిగి చూడండి. సన్యాసులను మనం దహనమే చేయం, సమాధి చేస్తాం. అంటే శాస్త్రం మనం అనుకున్నంత బిగుసుకుని లేదు.

పోయిన నెల ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ ముందు నా ఫారం పెట్టాను. సాక్షి సంతకం కావాలి అన్నా. "నీకు పెండ్లే కాలేదు, ఈ మాటలేందిరా ఇప్పుడు?" అని లేచి వంటింట్లోకి పోయింది. నేను వెనకాలే పోయి తాత సంగతి మొత్తం చెప్పా, అవ్వ అడిగిన ప్రశ్నతో సహా. అమ్మకు అది తెలియదు. చాలాసేపు ఏం మాట్లాడలేదు. అవ్వ వరండాలో కూర్చుని వింటూనే ఉంది.

రాత్రి అన్నం పెట్టేటప్పుడు అమ్మ ఫారం తీసుకుని చదివింది. "కండ్ల కాడ పెడతా సంతకం. గుండె సంగతి తర్వాత చూస్తాం" అంది.

అవ్వ మాత్రం పెన్ను ఇమ్మని అడిగింది.